జీర్ణవస్త్రం

కౌశాంబి రాజు ఉదయనుని అంతఃపుర స్త్రీలు ఒకనాడు ఉద్యానవనంలో ఆనందస్థవిరుని ధర్మోపదేశం విని, సంతోషించి, 500 వస్త్రాలను ఆయనకు దానమిచ్చారని వినయపిటకంలోని చుల్లవగ్గం చెబుతున్నది. ఈ సంగతి తెలిసి రాజుకు ఆగ్రహం కలిగినది. ఒక్క భిక్షువునకు ఇన్ని బట్టలెందుకు? ఈయన బట్టల వర్తకం పెట్టుకొనదలచినాడా, అంగడి తెరువబోతున్నాడా అని అనుమానించి, స్వయంగా వెళ్లి అడిగాడు. ఆనందుడు శాంతంగా సమాధానం చెప్పాడు: చీవరాలు చినిగిన భిక్షువులకు వాటిని పంచిపెడతాము. అయితే ఆ చినిగిన చీవరాలను ఏమి చేస్తారు? పడక దుప్పట్లు చేస్తాము. పాత పడక దుప్పట్లు? పరుపుల గలీబులు అవుతాయి. పాత గలీబులు? నేలపై పరచుకొనే పరుపుడు గుడ్డలు. అవి పాతబడితే? కాళ్లు తుడుచుకొనే గుడ్డలు. అవీ చీకిపోతే? దుమ్ము దులిపే పేలికలు. ఆ పేలికలు కూడా పనికిరాకుండా పోయినప్పుడు వాటిని దంచి, మట్టిలో కలిపి పిసికి, నేల అలుకుతాము. రాజు ప్రసన్నుడై మరి 500 వస్త్రాలు ఇచ్చి పంపాడు.

ఈ కథలోని ప్రశ్నోత్తర పరంపరను పరికించి చూచినప్పుడు రాజుకు కలిగిన సంతోషానికి కారణం బోధపడుతుంది. ఆనందుడు సన్న్యాసధర్మాన్ని గురించి ఒక్క మాటయినా చెప్పలేదు. ఒక బట్ట ఎన్ని జన్మలెత్తి చివరకు మట్టిలో ఎట్లా కలిసిపోతుందో లెక్క చెప్పాడు. రాజు అడిగినది కూడా లెక్కే. వాడిన నూలుగుడ్డ మరల నూలై, మరల గుడ్డయి రావడం వలన నేలకు, నీటికి కలిగే మేలును గురించి నేడు విశేషంగా చర్చ జరుగుతున్నది. ఆ చర్చకు ఈ దేశంలో ఉన్న పూర్వరంగం ఇంత పాతది.

ఆ భిక్షువుల చీవరమే అసలు పేలికల కూర్పు. బౌద్ధసంఘపు తొలి దినాలలో భిక్షువులు ధరించినది పాంసుకూలం, అనగా దుమ్ముకుప్పల నుండి, శ్మశానాల నుండి ఏరి తెచ్చిన గుడ్డలను ఉతికి, రంగు కాచి, కలిపి కుట్టినది. గృహస్థులిచ్చే బట్టను స్వీకరించే అనుమతి తరువాత, జీవకుడనే వైద్యుడు కోరిన మీదట వచ్చినది. అయినా కొత్తబట్టను సైతం ముక్కలుగా కోసి కుట్టవలెననే నియమం నిలిచినది. దక్షిణగిరికి పోయే త్రోవలో మగధదేశపు పొలాలను, వాటి గట్లను చూపి, అట్లా ముక్కలు పేర్చి చీవరం కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుని అడిగాడట. వరిమళ్ల గట్లు నేటికీ బౌద్ధభిక్షువుల వస్త్రాలలో కనిపిస్తూనే ఉన్నవి. అట్టి వస్త్రం తయారుచేయదగిన పదార్థాలలో నార, పట్టు, ఉన్ని, జనుములతో పాటు పత్తి కూడా చెప్పబడినది.

సన్న్యాసులు ఏరుకొన్న ఈ కంథ గృహస్థుల ఇండ్లలో మరొక రూపం తాల్చినది. వంగదేశంలో కంథ, బిహారులో సుజని, మహారాష్ట్రంలో గోధడి, కన్నడదేశంలో కౌది, సింధుప్రాంతంలో రల్లి, తెలుగునాట బొంత. పేర్లు వేరయినా పని ఒక్కటే: ఇంటిలో నలిగి మెత్తబడిన చీరలను, పంచెలను పొరలుగా పరచి, నడుమ విడిపోకుండా అంటుకుట్లు వేయడం. ఉత్తర కన్నడ మండలంలో నివసించే సిద్దీల కుటుంబాలలో ఈ పనికి ఉన్న మర్యాద చెప్పదగినది. వారి పూర్వులు ఆఫ్రికా నుండి వచ్చినవారు. ఆ స్త్రీలు కుట్టే బొంతల నాలుగు మూలలా త్రికోణాకారంలో మడిచిన గుడ్డ పూవులుంటాయి. ఆ పూలు లేని బొంత వారి దృష్టిలో అసంపూర్ణం.

కంథకు తగిన గౌరవం వంగసాహిత్యంలోను, కళాచరిత్రలోను దక్కినది. కంథ నేపథ్యం తెల్లగా ఉండడానికి కారణం అది అనేకసార్లు ఉతికిన చీరయో ధోవతియో కావడమే. దానిపై పూలు, ఏనుగులు, రథాలు కుట్టే రంగుదారం కూడా కొన్నది కాదు, పాత చీరల అంచుల నుండి ఒక్కొక్క పోగుగా లాగి తీసినది. చలికి కప్పుకొనే లేపు, పుస్తకాలకు చుట్టే బేటన్, అద్దానికి దువ్వెనకు తొడిగే ఆర్శీలత, ఇట్లా దానికి ఎన్నో ఉపయోగాలు. మానదాసుందరి అనే స్త్రీ తన తండ్రి కొరకు కుట్టి, దానిపై తన పేరు కూడా కుట్టి ఉంచిన కంథ గురుసదయ దత్తు సేకరించిన వస్తువులలో నిలిచి ఉన్నది. స్టెల్లా క్రామ్రిష్ 1939లో కంథను గూర్చి వ్రాసిన వ్యాసం ఈ కళను పండితుల దృష్టికి తెచ్చినది. అంతకు పది సంవత్సరాలకు పూర్వమే, 1929లో, జసీముద్దీన్ ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యం ప్రకటించాడు. భర్తకు దూరమైన ఒక పల్లెటూరి యువతి తన కథనంతటినీ కంథ మీద కుట్టి, దానిని తన సమాధిపై పరచవలెనని కోరి కన్నుమూయడం అందులోని ఇతివృత్తం.

తెలుగు గృహిణికి ఆనందుని లెక్క కొత్త కాదు. పాతచీర ముందుగా పసిబిడ్డకు ఉయ్యాల అవుతుంది, పొత్తిగుడ్డలవుతుంది. కొత్తగుడ్డ గరుకు పసిమేనికి పనికిరాదు కదా! తరువాత బొంతలో చేరుతుంది. కొంత భాగం బిందె క్రింద చుట్టకుదురు, కొంత భాగం వంటింటి మసిగుడ్డ, చిట్టచివరకు అలుకుగుడ్డ. పేడనీళ్లలో ముంచి నేల అలికి అలికి ఆ పేలిక పోగులు పోగులై అరిగిపోతుంది. రెండున్నర వేల ఏండ్ల నాడు కౌశాంబిలో చెప్పిన మెట్ల వరుసకు, ఒక తెలుగు పల్లెలోని ఇంటి మెట్ల వరుసకు భేదం అత్యల్పం. ఈ మాటలు నిఘంటువులలో మిగిలి ఉన్నంత కాలం ఆ ఇండ్ల పొదుపుకు సాక్ష్యం మిగిలి ఉంటుంది.

ఇంటి గడప దాటిన పేలికకు మరొక గతి కాగితం. చీనాదేశంలో 105వ సంవత్సరంలో చాయ్ లున్ అనే రాజోద్యోగి చెట్టుబెరడు, జనపనార, పాతగుడ్డలు, చేపల వలలు కలిపి కాగితం చేసే పద్ధతిని చక్రవర్తికి నివేదించాడు. ఆ విద్య సమర్‌ఖండు చేరి, అక్కడి నుండి అరబ్బు దేశాలకు వ్యాపించినది. సమర్‌ఖండు నుండి పనివారిని రప్పించి కాశ్మీరంలో కాగితపు పరిశ్రమను వృద్ధి చేసిన కీర్తి 15వ శతాబ్దిలో పాలించిన జైనుల్ ఆబిదీన్ సుల్తానుకు చెందుతుంది. తరువాత దేశం నలుమూలలా కాగితపు పనివారి పేటలు వెలసినవి. దౌలతాబాదు చెంత కాగజీపురా, జయపురం చెంత సాంగానేరు అట్టివి. కాగజీ అనేది వృత్తినామమై, వంశనామమై నిలిచిపోయినది.

కాగజీల పని విధానం చూడముచ్చటైనది. పాతగుడ్డలను, అరిగిన త్రాళ్లను, జనుమును ముక్కలు నరికి, నానవేసి, సున్నం పట్టించి, కాలితో త్రొక్కే పెద్ద రోకలి క్రింద రోజుల తరబడి దంచేవారు. దంచిన ముద్దను ఏటినీటిలో కడిగి, మరల సున్నం పట్టించి, మరల దంచేవారు. అది పాలవలె పలుచనయిన తరువాత తొట్టిలో కలిపి, సన్నని గడ్డిపుల్లల జల్లెడతో ఒక్కొక్క పొరగా పైకి తీసేవారు. తడి కాగితాలను గోడలకు అంటించి ఆరబెట్టి, గంజి పూసి, నున్నని రాతితో మెరుగు పెట్టేవారు. మొగలాయి చిత్రకారులు బొమ్మలు వ్రాసినదీ, కరణాలు కవిలెలు నింపినదీ ఇట్టి కాగితం మీదనే. ఒకప్పుడు ఒకరి ఒంటిమీది అంగీ అయినది, తరువాత మరొకరి పొలం సరిహద్దులకు దస్తావేజు కావడంలో ఏదో హాస్యం ఉన్నది.

ఐరోపాలోను కాగితానికి పేలికలే ఆధారం. అచ్చుయంత్రాలు పెరిగిన కొద్దీ అక్కడ పేలికల కరవు ఏర్పడినది. ఆ కరవే మనుష్యులను అడవుల వైపు త్రిప్పినది. 1844లో కెల్లర్ అనే జర్మను పనివాడు కర్రను రాతికి అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనుగొన్నాడు. ఆ శతాబ్ది ముగిసేలోగా కాగితం అనగా చెట్టు అనే అర్థం స్థిరపడినది. పేలికల చరిత్రలో దీనికంటె పెద్ద మలుపు లేదు. వాడి పారవేసిన దానితో చేసే వస్తువు ఇప్పుడు నిలిచి ఉన్న దానిని నరికి చేసే వస్తువయినది.

భారతదేశంలో ఈ మార్పు మెల్లగా వచ్చినది. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన శ్రీరామపురపు క్రైస్తవ మిషనువారు 1820లో కాగితపు పనికై ఆవిరియంత్రం తెప్పించారు. 1882లో కలకత్తా చెంత టిటాగఢ్‌లో పెద్ద మిల్లు వెలసినది. సబై గడ్డి, పిమ్మట వెదురు మిల్లులకు ముడిసరుకయినవి. ఒక వంక మిల్లులు, మరొక వంక దిగుమతి కాగితం, మూడవ వంక జైళ్లలో ఖైదీలచే చేయించిన కాగితం: ఈ మూటి నడుమ కాగజీలు నలిగిపోయారు. సాంగానేరులో మిగిలిన కొలది కుటుంబాలు ఆ విద్యను పట్టు విడువక కాపాడాయి.

1934లో గాంధీజీ ప్రేరణతో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడినది. వర్ధాలోని మగన్‌వాడీ దానికి కేంద్రం. దాని కార్యభారం వహించిన జె. సి. కుమారప్ప కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివినవాడు. గానుగ, తేనె, దంపుడు బియ్యాలతో పాటు చేతికాగితం కూడా అక్కడి ప్రయోగశాలకు ఎక్కినది. 1940లో పుణేలో చేతికాగితపు సంస్థ ఒకటి వెలసినది. కుమారప్ప కారాగారంలో వ్రాసిన ‘శాశ్వత ఆర్థికవ్యవస్థ’ అనే గ్రంథానికి మూలభావం ఇది: ప్రకృతిలో కొన్ని వనరులు తిరిగి తిరిగి ప్రవహించేవి, కొన్ని తవ్విన కొద్దీ తరిగిపోయేవి. మొదటివాటిపై నిలిచిన జీవనంలో శాంతి ఉంటుంది, రెండవవాటిపై నిలిచిన జీవనం కలహానికి దారి తీస్తుంది. పర్యావరణమనే మాట ఇంకా వాడుకలోనికి రాని రోజులలో అతడు ఈ విభాగం చేశాడు. పేలికల కాగితం అతని దృష్టిలో మొదటి వర్గానికి చెందినది. వచ్చిన ఉత్తరాల కవర్లను చింపి, వెనుకవైపున వ్రాసుకొనే గాంధీజీ అలవాటును చూచి నవ్వినవారు ఆ రోజులలో లేకపోలేదు.

సాంగానేరులో కుమారప్ప పేర చేతికాగితపు జాతీయ సంస్థ తరువాత వెలసినది. నేడు అక్కడి కార్ఖానాలలో దంచే పని యంత్రాలది. ముడిసరుకు కూడా మారినది. ఇండ్లలోని పాతగుడ్డకు బదులు బనియన్ల కార్ఖానాలలో కత్తెర క్రింద పడిన నూలు ముక్కలు అక్కడికి వస్తున్నవి. చెట్టు నరకకుండా చేసిన ఆ కాగితం విదేశాలకు ఎగుమతి అవుతున్నది.

పేలికను కాగితంగా కాక మరల నూలుగా మార్చే ఆలోచన ఇంగ్లండులోని యార్క్‌షైరులో పుట్టినది. 1813లో బాట్లీ పట్టణంలో బెంజమిన్ లా అనే అతడు ఉన్ని పేలికలను చీల్చి, కొత్త ఉన్నితో కలిపి వడికి నేశాడు. దానికి ‘షాడీ’ అని పేరు. ఇంగ్లీషులో ఆ మాట తరువాత నాసిరకమనే అర్థంలో స్థిరపడిపోవడం ఆ గుడ్డ దురదృష్టం. ఉన్నికి సాధ్యమయినది పత్తికి అంత సులభం కాదు. సామాన్యపు పత్తిపోగు పొడవు 25 మొదలు 30 మిల్లీమీటర్లు. మేకుల డోలు గుడ్డను చీల్చేటప్పుడు నూలుతో పాటు పోగు కూడా తెగిపోతుంది. పొట్టిపోగు పురి పట్టదు. 1967లో చెకొస్లవేకియాలో తయారైన రోటరు వడుకుయంత్రం ఈ చిక్కును కొంతవరకు తీర్చినది. ఓపెన్-ఎండ్ అని మన మిల్లులవారు పిలిచే ఆ పద్ధతిలో పొట్టిపోగుతో కూడా ముతకనూలు తీయవచ్చును. అయినా బలం కొరకు కొత్త పత్తియో పాలియెస్టరో కలుపక తప్పదు.

ఈ వ్యాపారానికి భారతదేశంలో ప్రధాన క్షేత్రం పానిపట్టు. మూడు యుద్ధాలకు పేరుపొందిన ఆ ఊరికి 1947 తరువాత పశ్చిమ పంజాబు నుండి వచ్చిన శరణార్థులతో నేతపని పెరిగినది. 20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో విదేశీయులు విడిచిన బట్టలు గుట్టలుగా దిగనారంభించినవి. అక్కడి షాడీ కంబళ్లు భూకంపాలలో, యుద్ధాలలో ఇల్లు కోల్పోయినవారికి సహాయసంస్థలు పంచిపెట్టేవి. ఉన్ని తగ్గి, నూలు, కృత్రిమ దారాలు పెరిగిన కొద్దీ జంపఖానాలకు, పరదాలకు పనికివచ్చే నూలు తీయడం ఎక్కువయినది. మరొక వంక తమిళనాడులోని తిరుప్పూరు బనియన్ కార్ఖానాల కత్తిరింపులు రంగుల వారీగా వేరుపడి, మూటలై వడుకుమిల్లులకు చేరుతున్నవి.

రంగుల వారీగా వేరుచేయడంలో గొప్ప మర్మం ఉన్నది. నీలం ముక్కలన్నిటినీ కలిపి వడికితే నీలం నూలే వస్తుంది, మరల అద్దకం అవసరం లేదు. ఈ మేలు ఎంతటిదో తిరుప్పూరు చరిత్రే చెప్పగలదు. ఆ ఊరి నడుమ ప్రవహించే నొయ్యల్ నదిలోనికి అద్దకపు నీరు సంవత్సరాల తరబడి పారినది. సేద్యానికై దిగువన కట్టిన ఒరతుపాళయం జలాశయం రంగునీటి మడుగయి, రైతులు దాని నీరు తమ పొలాలకు వద్దని మొరపెట్టుకోవలసి వచ్చినది. కడకు 2011 జనవరిలో మద్రాసు ఉన్నత న్యాయస్థానం, మురుగునీటిని బొట్టయినా బయటకు విడువని ఏర్పాటు చేసుకొనేవరకు అద్దకపు కార్ఖానాలను మూసివేయవలసినదని ఆజ్ఞాపించినది. అద్దకం లేకుండా వచ్చే ఒక్కొక్క కిలో నూలు ఆ నదికి కొంత ఊరట.

నీటి లెక్క ఇంతటితో ఆగదు. పత్తి పండించడం మొదలు బట్ట సిద్ధమయ్యేవరకు కిలో నూలుబట్టకు ప్రపంచపు సగటున దాదాపు 10,000 లీటర్ల నీరు ఖర్చవుతుందని నీటివాడకాన్ని లెక్కించిన శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఇందులో వర్షపు నీరు కూడా చేరి ఉన్నదని మరువరాదు. తెలంగాణపు నల్లరేగడిలో వానపై ఆధారపడి పండే పత్తికి, కాలువనీటితో పండే పత్తికి ఒకే కొలత పెట్టడం సరికాదు. కాలువనీటి పత్తి ఏమి చేయగలదో తెలియడానికి మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రాన్ని చూడవచ్చును. 1960 తరువాత దానిలోనికి వచ్చే నదులు పత్తిచేలకు మళ్లినవి, సముద్రం చాలామేరకు ఎండి పడవలు ఇసుకలో నిలిచిపోయినవి. వానపత్తికి దాని బాధలు దానికున్నవి. 1997–98లో వరంగల్లు జిల్లాలో పురుగు పత్తిని తినివేసినది, కొట్టిన మందు పనిచేయలేదు, అప్పులు మిగిలినవి. అదే మందు త్రాగి ప్రాణాలు తీసుకొన్న రైతుల వార్తలు తెలుగు పత్రికలలో దినదినం వచ్చినవి. పాతనూలు మరల వాడుకలోనికి వచ్చినంత మేరకు కొత్త పత్తికై చేసే నీటి ఖర్చు, మందు ఖర్చు, రంగు ఖర్చు తగ్గుతాయనేది కాదనలేని సత్యం.

అయితే ఆ మేరకు ఎంత? ప్రపంచంలో తయారయ్యే నూలుపోగు మొత్తంలో మరల వాడుకకు వచ్చినది నూటికి ఒక పాలు మాత్రమే. అందులోను అధికభాగం ఎవరూ తొడగని కత్తిరింపు ముక్కలు. తొడిగి విడిచిన బట్ట మరల బట్ట కావడం అరుదు. నేటి చొక్కాలో నూలుతో పాటు పాలియెస్టరు, సాగే దారం, ప్లాస్టిక్కు బొత్తాము, లోహపు జిప్పు కలిసి ఉంటాయి. వాటిని విడదీయడం దుర్భరమైన పని. ఈ పరిశ్రమను పొగిడేవారు సాధారణంగా దాటవేసే విషయం మరొకటి ఉన్నది. ఆ విడదీసే పని చేసేది చేతులు. పానిపట్టు గోదాములలో నేలపై కూర్చొని కత్తిపీటలతో బొత్తాములు కోసే స్త్రీలు, చీల్చే యంత్రాల చెంత రోజంతా పీచుదుమ్ము పీల్చే కూలీలు ఆ లెక్కలో కనిపించరు. నూలుదుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని మిల్లుల వైద్యులకు చిరకాలంగా తెలిసినదే. ఊరట పొందిన నదిని కొలిచే సాధనాలున్నవి, ఆయాసపడే రొమ్మును కొలిచే ఓపిక తక్కువ.

2012లో మేఘనా గుప్తా తీసిన ‘అన్‌రావెల్’ అనే చిన్న చలనచిత్రంలో ఆ స్త్రీలు మాట్లాడుతారు. దాదాపు కొత్తగా ఉన్న ఈ బట్టలను పాశ్చాత్యులు ఎందుకు పారవేస్తున్నారో వారికి అంతుపట్టదు. బహుశా ఆ దేశాలలో నీరు చాలా ప్రియమై ఉతికించుకోలేకపోతున్నారేమో అని వారు ఊహిస్తారు. నీటి విలువ ఎరిగినవారికి తప్ప ఇట్టి ఊహ తోచదు. అది పొరపాటే. కాని కిలో బట్ట వెనుక 10,000 లీటర్ల నీరున్నదని చెప్పే శాస్త్రజ్ఞుల మాటకు ఆ పొరపాటు ఎంతో దూరంలో లేదు.

ఆనందుని మెట్లలో చివరిదయిన మట్టిమెట్టుకు నేటి గుడ్డ చేరడం లేదు. శుద్ధమైన నూలు నేలలో కొద్ది నెలలలో కుళ్లి కలిసిపోతుంది. కలగలుపు గుడ్డలో నూలు పోయిన తరువాత పాలియెస్టరు పోగులు మిగిలే ఉంటాయి. అలుకుగుడ్డగా పనికిరాని ఈ గుడ్డను గృహిణి స్టీలు గిన్నెలవానికి ఇచ్చి ఒక పళ్లెమో గ్లాసో పుచ్చుకొంటుంది. అతని మూట ఏ సంతకు చేరుతుందో, అక్కడి నుండి ఏ ఊరి యంత్రానికి పోతుందో ఆమె అడుగదు, అతడు చెప్పడు.

కంథకు, సుజనికి ఇప్పుడు ప్రభుత్వ గుర్తింపు ఉన్నది. బిహారులోని ముజఫర్‌పూరు జిల్లా భుస్రా గ్రామపు సుజని 2006లో భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువుల జాబితాలోనికి ఎక్కినది. నగరాల దుకాణాలలో, ఎగుమతి ప్రదర్శనలలో వాటికి మంచి ధర పలుకుతున్నది. పల్లెస్త్రీలకు దాని వలన నాలుగు డబ్బులు వస్తున్నవి, అది సంతోషించవలసిన విషయమే. కాని కొనేవారు ఒకరు కట్టి విడిచిన చీరను ఇష్టపడరు. అందుచేత అమ్మకానికి కుట్టే కంథలు, సుజనిలు చాలావరకు అంగడిలో కొత్తగా కొన్న తానుల మీద, కొత్తగా కొన్న రంగుదారంతో తయారవుతున్నవి. ఆ పని ముగించి ఇంటికి వెళ్లిన స్త్రీ తన మనుమని కొరకు మాత్రం పాతచీరనే పరచి కుడుతుంది.